చదువుకున్నవాడికి దేవుడెందుకు? సమాయిల్ లోయ చెప్పే చరిత్ర

దసరా నాడు పనిముట్లకి బొట్టు పెట్టడం మా ఇంట్లో ఆనవాయితీ. మా తాతగారు నాగలికీ, ఎడ్లబండికీ పెట్టేవారు. నాన్నగారు స్కూటరుకి పెట్టేవారు. నేను లాప్‌టాపులకి పెడుతున్నాను. పనిముట్టు మారింది గానీ కుంకుమ మారలేదు. పోయిన దసరాకి కూడా అమెరికాలో మా ఇంటి భోజనాల బల్ల మీద లాప్‌టాపులన్నీ వరసగా పేర్చి, వాటి మీద అక్షింతలు వేస్తున్నాను. పన్నెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి చేతులు కట్టుకుని చూస్తూ నిలబడి, ఒక ప్రశ్న వేసింది.

"నాన్నా, తెలివైనవాళ్ళు దేవుణ్ణి నమ్మరట. దాని మీద స్టడీలు కూడా ఉన్నాయి. నానమ్మ అంటే చదువుకోలేదు, సరే. నువ్వు ఇంజనీరువి కదా?"

ఇలాంటి ప్రశ్నలకి మనందరి దగ్గరా ఒక రెడీమేడ్ జవాబు ఉంటుంది. నేనూ అదే అందుకున్నాను. "రామానుజన్ అంతటివాడు నామగిరి అమ్మవారి భక్తుడు. ఐన్‌స్టీన్ కూడా దేవుడి గురించి మాట్లాడాడు," అన్నాను. మా అమ్మాయి ఫోను తీసి అర నిమిషంలో తేల్చేసింది. 1929లో ఒక మతగురువు అడిగినప్పుడు ఐన్‌స్టీన్ తాను నమ్మేది స్పినోజా చెప్పిన దేవుణ్ణని, అంటే ప్రకృతిలోని క్రమాన్నే గానీ మనుషుల మంచిచెడ్డలు చూసే దేవుణ్ణి కాదని జవాబిచ్చాడట. "అయినా నువ్వు నమ్మినవాళ్ళ లిస్టు చెబుతావు, నేను నమ్మనివాళ్ళ లిస్టు చెబుతాను. దాంతో ఏం తేలుతుంది?" అంది.

ఏమీ తేలదు. ఆ మాట నిజమే కాబట్టి నేను నోరు మూసుకున్నాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తుంటే, ఎప్పుడో చూసిన ఒక ఊరు గుర్తుకొచ్చింది. ఒమన్ దేశంలోని సమాయిల్. మా అమ్మాయి ప్రశ్నకి ఆ ఊరి చరిత్రలో ఒక జవాబు ఉందని ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు.

ఊరూ, లోయా

అమెరికా రాకముందు, 2005 నుంచి 2008 దాకా నేను మస్కట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. అప్పట్లో అక్కడ వారాంతపు సెలవు గురు, శుక్రవారాలు. (2013 నుంచి శుక్ర, శనివారాలకి మార్చారు.) మా ఆఫీసులో భూగర్భ శాస్త్రం చదివిన ఒమనీ మిత్రుడు ఒకాయన ఉండేవాడు. ఒక గురువారం నన్ను తన సొంత ఊరికి తీసుకెళ్ళాడు.

మస్కట్ నుంచి నిజ్వా వెళ్ళే దారిలో సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉంది సమాయిల్. ఒమన్ ఉత్తర భాగమంతా గోడలా నిలబడిన హజర్ పర్వతాలకి ఇక్కడ ఒక పెద్ద సందు ఉంది. సముద్రతీరం నుంచి దేశం లోపలికి పోవాలంటే అనాదిగా ఒంటెల బిడారులకి ఇదే రాజమార్గం. ఇటు ఒక పర్వతశ్రేణి, అటు ఒక పర్వతశ్రేణి, మధ్యలో వాగు వెంట మైళ్ళ కొద్దీ ఖర్జూరపు తోటలు. ఆ తోటలకి ఫలజ్ అనే కాలువల ద్వారా నీళ్ళు పారతాయి. కొండల అడుగున ఊటని పట్టి, నేల వాలుని లెక్కగట్టి, మోటారు లేకుండా పొలం దాకా నీరు తెచ్చే ఏర్పాటు అది. ఆ నీటిని గంటల లెక్కన వంతులు వేసుకుని వాడుకుంటారు. మన కృష్ణా డెల్టాలో కాలువ చివరి భూముల తగాదాలు చూసినవాడిగా ఆ వంతుల పద్ధతి చూసి ముచ్చటపడ్డాను.

మిత్రుడు ముందుగా నన్ను తోటకి గానీ ఇంటికి గానీ తీసుకెళ్ళలేదు. రోడ్డు పక్కన కారు ఆపి, గోధుమ రంగులో కాలినట్లున్న ఒక రాతి గుట్ట మీద చెయ్యి వేసి, "ఇది ఒకప్పుడు సముద్రం అడుగు," అన్నాడు.

మామూలుగా సముద్రపు అడుగు ఖండం కిందకి జారి కరిగిపోతుంది. ఇక్కడ మాత్రం తిరగబడి ఖండం మీదకి ఎక్కింది. దాదాపు 9.6 కోట్ల ఏళ్ళ కింద తయారైన సముద్రపు పెంకు, దాని కిందుండే మాంటిల్ రాతితో సహా, సుమారు 500 కిలోమీటర్ల పొడవున ఆకాశం కింద పరుచుకుని ఉంది. ఇలాంటి శిలాసముదాయాన్ని ఓఫియోలైట్ అంటారు. ప్రపంచంలో ఉన్నవాటిలో ఇది అతి పెద్దదీ, అతి చక్కగా బయటపడినదీ. 1928లో లీస్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త ఈ రాళ్ళ గురించి రాస్తూ సమాయిల్ పేరే పెట్టాడు. ఆ పేరే ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయింది.

మిత్రుడు ఇదంతా చెబుతుండగా లోయలోంచి నమాజు పిలుపు వినిపించింది. చేతికంటిన రాతి దుమ్ము దులుపుకుని, కారులోంచి చాప తీసి, ఆ సముద్రం అడుగు మీదే ప్రార్థన చేసుకున్నాడు. తిరిగొచ్చాక ఉండబట్టలేక, "9.6 కోట్ల ఏళ్ళు అని చెప్పిన నోటితోనే..." అని మొదలుపెట్టాను. ఆయన నవ్వి, "మొన్న కొత్త సర్వర్‌కి నువ్వు ఎర్ర బొట్టు పెట్టావట కదా, ఆఫీసంతా చెప్పుకుంటున్నారు," అన్నాడు. నా ప్రశ్న అక్కడే ఆగిపోయింది.

విగ్రహం పగలగొట్టిన పూజారి

సమాయిల్‌లో ఒక మసీదు ఉంది. మాజిన్ బిన్ గదూబా అనే ఆయన హిజ్రీ 6వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 627లో కట్టించాడని, ఒమన్‌లో మొట్టమొదటి మసీదు అదేనని చెబుతారు. కట్టడాన్ని తర్వాతి కాలాల్లో మళ్ళీ మళ్ళీ కట్టుకున్నారు. నేను ముస్లింని కాను కాబట్టి బయట నిలబడి చూశాను.

ఈ మాజిన్ కథని అరబ్బు గ్రంథకర్తలు చెప్పుకొచ్చారు. ఆయన సమాయిల్‌లో ఒక విగ్రహానికి సేవ చేసే పూజారి. ఒకనాడు బలి ఇస్తుండగా, కొత్త ప్రవక్త వచ్చాడు, ఈ రాతిని విడిచిపెట్టు అన్న మాట ఆ విగ్రహం నుంచే వినిపించిందట. తర్వాత హిజాజ్ ప్రాంతం నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడు మహమ్మద్ ప్రవక్త సంగతి చెప్పాడు. మాజిన్ తన విగ్రహాన్ని తన చేతులతోనే ముక్కలు చేసి, ఒంటె ఎక్కి మదీనా వెళ్ళి, ప్రవక్తని కలిసి ఇస్లాం స్వీకరించాడు. ఒమన్ దేశస్థుల్లో తొలి ముస్లింగా ఆయన్ని గౌరవిస్తారు. తర్వాత కొన్నేళ్ళకి ప్రవక్త పంపిన లేఖ ఒమన్ పాలకులైన జులందా సోదరులకి చేరింది. వాళ్ళు కూడా ఆలోచించుకుని ఒప్పుకున్నారు.

విగ్రహం మాట్లాడిందన్నది నమ్మకానికి సంబంధించిన విషయం, దాన్ని పక్కన పెడదాం. మిగిలిన కథని చరిత్ర విద్యార్థిలా చూస్తే ఒక సంగతి కనబడుతుంది. మాజిన్ బతుకు ఆ విగ్రహం మీదే ఆధారపడి ఉంది. ఊళ్ళో పరపతి దాని వల్లే. చుట్టూ ఉన్నవాళ్ళంతా దానికే మొక్కుతున్నారు. అలాంటి మనిషి తనకి వారసత్వంగా వచ్చినదాన్ని పరీక్షించి, తప్పనిపించగానే వదిలేశాడు. మన భాషలో చెప్పాలంటే అది స్వతంత్ర బుద్ధి. అయితే ఆ స్వతంత్ర బుద్ధి ఆయన్ని దేవుడు లేడనే వైపు నడిపించలేదు, ఒకే దేవుడు అనే వైపు నడిపించింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

పండితుల ఊరు

మాజిన్ తర్వాత సమాయిల్ పండితుల ఊరైంది. ఒమన్‌లో చాలామంది ఇబాదీ శాఖకి చెందినవారు. సున్నీ, షియా కాని మూడో శాఖ ఇది. నిజ్వా దగ్గరి ఫిర్క్‌లో పుట్టి, బస్రాలో చదువు చెప్పి, 8వ శతాబ్దం తొలినాళ్ళలో మరణించిన జాబిర్ బిన్ జైద్ దీనికి మూలపురుషుడు. ఖురాన్‌లో దేవుడి చెయ్యి, దేవుడి ముఖం లాంటి మాటలు వచ్చినప్పుడు వాటిని అక్షరార్థంలో తీసుకోకూడదని, అవి అలంకారాలని ఇబాదీ పండితులు వాదించారు. పరలోకంలో కూడా దేవుణ్ణి కళ్ళతో చూడడం సాధ్యం కాదన్నారు. విగ్రహాలు వద్దనడంతో ఆగిపోకుండా, మనసులో ఊహించుకునే రూపాన్ని కూడా తర్కంతో చెక్కేశారన్నమాట.

19వ శతాబ్దంలో సయీద్ బిన్ ఖల్ఫాన్ అల్ ఖలీలీ అనే మహా పండితుడు సమాయిల్‌లో ఉండేవాడు. 1868లో అజ్జాన్ బిన్ ఖైస్‌ని ఇమాముగా ఎన్నుకోవడంలో ముఖ్యపాత్ర ఆయనది. 1871లో ఆ ప్రభుత్వం కూలినప్పుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆయన మనుమడు మహమ్మద్ బిన్ అబ్దుల్లా అల్ ఖలీలీ 1920 నుంచి 1954లో చనిపోయేదాకా ఒమన్ లోపలి ప్రాంతానికి ఇమాముగా ఉన్నాడు. సమాయిల్ పరిధిలోని వాదీ మహ్రంలో పుట్టిన అబూ ముస్లిం అల్ బహ్లానీ గొప్ప కవి. తూర్పు ఆఫ్రికాలోని జాంజిబార్ వెళ్ళి అక్కడ న్యాయమూర్తిగా పనిచేసి, 1911లో అన్-నజాహ్ అనే అరబ్బీ పత్రిక స్థాపించాడు. పరాయి దేశంలో సొంత భాషలో పత్రిక నడిపిన మనిషి అంటే ఈ సంచిక చదివేవారికి ఆయన మీద సహజంగానే అభిమానం కలుగుతుంది.

వీళ్ళెవరూ చదువురానివాళ్ళు కాదు. వీళ్ళ చదువే దేవుడి చుట్టూ తిరిగింది. తెలివైన పిల్లవాడు ఊళ్ళో ఉంటే వాణ్ణి పండితుడి దగ్గరకి పంపేవారు. తెలివి పెరిగినకొద్దీ శాస్త్రపరిచయం పెరిగేది, దాంతోపాటే నమ్మకమూ గట్టిపడేది. ఆ రోజుల్లో సమాయిల్‌లో ఎవరైనా సర్వే చేసి ఉంటే, బాగా చదువుకున్నవాళ్ళే ఎక్కువ దైవభక్తులు అని తేలి ఉండేదేమో.

ఇక కొత్త చదువు సంగతి. 1970లో సుల్తాన్ ఖబూస్ గద్దెనెక్కేనాటికి ఒమన్ దేశం మొత్తానికి 3 ఆధునిక పాఠశాలలు. వాటిలో చదివేవాళ్ళు సుమారు 900 మంది, అందరూ మగపిల్లలే. ఇవాళ ఆ దేశంలో వెయ్యికి పైగా బడులున్నాయి. 1986లో సుల్తాన్ ఖబూస్ విశ్వవిద్యాలయం మొదలైంది. తాత నిశానీ, మనవరాలు డాక్టరు అన్న కుటుంబాలు ఒక్క తరంలో తయారయ్యాయి. చదువు పెరిగితే దేవుడు తప్పుకుంటాడన్న సూత్రం నిజమైతే ఈ 50 ఏళ్ళలో మసీదులు ఖాళీ కావాలి. అలా కాలేదు. 2001లో మస్కట్‌లో తెరిచిన పెద్ద మసీదు శుక్రవారాల్లో నిండే ఉండేది, నేను చూశాను.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. అక్కడ ఇస్లాం రాజ్యమతం. బడిలో మతం ఒక పాఠ్యాంశం. నాకు నమ్మకం లేదని బయటికి చెప్పడం అందరికీ సులువు కాదు. నమ్మేవాళ్ళ లెక్క చెప్పేటప్పుడు నమ్మనివాడికి ఆ మాట చెప్పే వీలు ఎంతుందో కూడా చూడాలి. అమెరికా అంకెలకైనా, ఒమన్ అంకెలకైనా ఇదే నియమం.

అంకెలు ఏమంటున్నాయి?

మా అమ్మాయి చెప్పిన స్టడీలని నేను ఆ తర్వాత తీరిగ్గా చదివాను. వాటిని కొట్టిపారేయడానికి లేదు.

1914లో జేమ్స్ లూబా అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో వెయ్యిమంది శాస్త్రవేత్తలని అడిగాడు. ప్రార్థన వినే దేవుడున్నాడని నమ్మినవాళ్ళు దాదాపు 40 శాతం. నమ్మనివాళ్ళూ, సందేహించేవాళ్ళూ దాదాపు 60 శాతం. బాగా పేరున్న శాస్త్రవేత్తల్లో అవిశ్వాసం ఇంకా ఎక్కువ. చదువు పెరిగినకొద్దీ ఈ నమ్మకం ఇంకా తగ్గుతుందని లూబా ఊహించాడు. 1996లో లార్సన్, విథామ్ అనే ఇద్దరు అవే ప్రశ్నలు మళ్ళీ అడిగారు. ఈ మధ్యలో పెన్సిలిన్ వచ్చింది, అణుబాంబు వచ్చింది, డీఎన్ఏ నిర్మాణం తెలిసింది, చంద్రుడి మీద మనిషి నడిచాడు. నమ్మేవాళ్ళు మాత్రం అప్పటిలాగే దాదాపు 40 శాతం! అయితే వాళ్ళే 1998లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యులని అడిగితే, నమ్మేవాళ్ళు సుమారు 7 శాతమే తేలారు.

2013లో జుకర్‌మన్, ఆయన సహచరులు అప్పటిదాకా జరిగిన 63 అధ్యయనాలని కలిపి లెక్కగట్టారు. తెలివి పరీక్షల మార్కులకీ, మతవిశ్వాసానికీ మధ్య సహసంబంధం సుమారు మైనస్ 0.24. అంటే సగటున మార్కులు పెరిగితే విశ్వాసం కొంచెం తగ్గుతోంది. మన ఇంజనీరు మిత్రులకి గుర్తుండే ఉంటుంది, ఈ అంకెని వర్గం చేస్తే దాదాపు 0.06 వస్తుంది. మనుషుల విశ్వాసంలో ఉన్న తేడాల్లో నూటికి ఆరు పాళ్ళు తెలివి మార్కులతో ముడిపడి ఉన్నాయి. మిగతా తొంభై నాలుగు పాళ్ళు వేరే సంగతులు. ఒక మనిషి గుడికి వెళ్తాడా లేదా అన్నది చూసి వాడి తెలివిని అంచనా వేయబోతే మనమే తప్పులో కాలేస్తాం. పైగా ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం అమెరికా, పాశ్చాత్య దేశాలవి.

వేరేచోట్ల చూస్తే బొమ్మ మారిపోతుంది. రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలేన్ ఎక్లండ్ బృందం 8 ప్రాంతాల శాస్త్రవేత్తలని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించింది. హాంకాంగ్‌లో తాము మతవిశ్వాసులమని చెప్పుకున్న శాస్త్రవేత్తలు 39 శాతం, సాధారణ జనంలో 20 శాతం. తైవాన్‌లో శాస్త్రవేత్తలు 54 శాతం, జనం 44 శాతం. అంటే అక్కడ శాస్త్రవేత్తలే ఎక్కువ భక్తులు! అమెరికాలోనే 2017లో ప్యూ సంస్థ ఇచ్చిన నివేదికలో, మొత్తం మీద డిగ్రీ ఉన్నవాళ్ళకి మతం ప్రాముఖ్యం తక్కువగా కనిపించినా, క్రైస్తవులని విడిగా తీసి చూస్తే చదువుకున్నవాళ్ళు చర్చికి వెళ్ళడంలో ఏమీ వెనకబడలేదు.

ఒకే కారణం ఒకచోట ఒక ఫలితాన్నీ, ఇంకోచోట దానికి వ్యతిరేక ఫలితాన్నీ ఇస్తోందంటే మధ్యలో మనకి కనబడని మీట ఏదో ఉందన్నమాట. జుకర్‌మన్ బృందం సూచించిన కారణాల్లో ఒకటి ఆ మీట ఏదో చెబుతుంది. తెలివైనవాళ్ళు నలుగురూ నడిచే దారిలో గుడ్డిగా నడవడానికి అంతగా ఇష్టపడరు. నలుగురూ నమ్మే చోట వాళ్ళు సందేహిస్తారు. మరి నలుగురూ ఇంకోటి నమ్మే చోటో? అక్కడ సమాయిల్ పూజారి మాజిన్ గుర్తుకొస్తాడు.

కాకినాడలో ఒక కాలేజీ

మాజిన్ కథకి మన తెలుగుదేశంలోనే జోడీ ఉంది. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకి 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ప్రిన్సిపాల్. మన కాలేజీ చదువులకి ఆద్యుల్లో ఒకరు. 1925 నుంచి 1928 దాకా మద్రాసు విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్. అంత చదువుకున్న ఆయన బ్రహ్మసమాజ భక్తుడు. విగ్రహాలని, కులాన్ని కాదన్నది ఆ భక్తితోనే. అనాథలని చేరదీసింది కూడా ఆ భక్తితోనే.

అదే కాలేజీలో 1933లో ఒక వృక్షశాస్త్ర అధ్యాపకుణ్ణి నాస్తిక భావాలున్నాయన్న కారణంతో ఉద్యోగం నుంచి తీసేశారు. ఆయనే గోరా, గోపరాజు రామచంద్రరావు గారు. సనాతన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. తనకి వారసత్వంగా వచ్చిన దాన్ని పరీక్షించారు, తప్పనిపించింది, వదిలేశారు. జంధ్యం తీసేశారు, ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, 1947లో విజయవాడకి మార్చారు. గాంధీజీతో ఆయన చర్చలు ప్రసిద్ధం. గోరా గారి పెద్దమ్మాయికి దళిత యువకుడితో సేవాగ్రాంలో పెళ్ళి చేయాలనుకున్నప్పుడు, ఆ తంతులో దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. పెళ్ళి మాత్రం ఆయన హత్య తర్వాత, 1948 మార్చిలో జరిగింది. పరమ భక్తుడూ పరమ నాస్తికుడూ ఒక పెళ్ళి పీటల దగ్గర ఒక మాట మీదకి రాగలిగారు.

కృష్ణా జిల్లాకే చెందిన ఇంకొకరి గురించి కూడా చెప్పాలి. సూరి భగవంతం గారు 1909లో ఆగిరిపల్లిలో పుట్టారు. సి.వి. రామన్ శిష్యుడు, కాంతి పరిక్షేపణం మీద అంతర్జాతీయ ఖ్యాతి ఉన్న భౌతిక శాస్త్రవేత్త. ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. ఆయన సత్యసాయిబాబా భక్తులు, బాబా ప్రసంగాలని ఇంగ్లీషులోకి అనువదించారు.

ముగ్గురూ పెద్ద చదువులు చదివినవాళ్ళు. వాళ్ళ డిగ్రీలు తెలిసినంత మాత్రాన ఎవరు ఎటువైపు వెళతారో ముందుగా చెప్పగలమా? చెప్పలేం. నాకు అర్థమైనంతలో తెలివి మనిషికి ఒక శక్తినిస్తుంది, చేతికొచ్చినదాన్ని తిప్పి చూసే శక్తి. చదువు అలా తిప్పి చూడడానికి కావలసిన పరికరాలనిస్తుంది. చూశాక ఎటు వెళ్ళాలన్నది ఆ కాలం, ఆ ఊరు, ఆ మనిషి ఎదుర్కొన్న కష్టసుఖాలు నిర్ణయిస్తాయి. 627లో సమాయిల్‌లో తిప్పి చూసిన పూజారి దేవుడి దగ్గరకి వెళ్ళాడు. 1933లో కాకినాడలో తిప్పి చూసిన అధ్యాపకుడు దేవుణ్ణి వదిలి వెళ్ళాడు. ఇద్దరూ చేసిన పని ఒక్కటే. ఇద్దరూ దానికి మూల్యం చెల్లించారు.

పటం తిప్పిన మనిషి

మాట చదువుకున్నవాళ్ళ దగ్గరే ఆపేస్తే సమాయిల్‌లో నేను కలిసిన ఒక మనిషికి అన్యాయం చేసినవాణ్ణవుతాను.

ఆ రోజు సాయంత్రం మిత్రుడి బంధువుల ఖర్జూరపు తోటలో పనిచేసే మన తెలుగాయన కనిపించాడు. అప్పటి కరీంనగర్ జిల్లా నుంచి వచ్చాడు. నాలుగో తరగతి దాకా చదివాడట. తెలుగు మాట వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది. తన రేకుల గదిలోకి తీసుకెళ్ళి సులేమానీ చాయ్ పోశాడు. గోడకి కొండగట్టు అంజన్న పటం ఉంది. నాకు అప్పుడు ఇరవై ఏడేళ్ళు. ఇంజనీరునన్న పొగరు నిండుగా ఉంది. "కొండగట్టు నుంచి ఇంత దూరం మోసుకొచ్చావు. ఏమిచ్చాడయ్యా నీకు అంజన్న?" అని వెటకారంగా అడిగాను.

ఆయన నొచ్చుకోలేదు. "ఏమియ్యలె సారూ," అన్నాడు. "వచ్చిన కొత్తల ఏజెంటు మోసం జేసిండు. చెప్పిన పని గాదు, చెప్పిన జీతం గాదు. మస్తు కోపమొచ్చి పటాన్ని గోడదిక్కు మలిపి పెట్టిన. ఏడాది దనక మొక్కలె. గని దినమంత అరబ్బీ మాట, హిందీ మాట. పొద్దుగూకినంక నా బాసల ఎవ్వలితోనన్న మాట్లాడాలె గద? అందుకే మల్ల ఇటు మలిపిన. ఇప్పుడేం అడుగ సారూ. ముచ్చట జెప్త, అంతే."

ఆ మాటలని నేను మస్కట్ తిరిగొచ్చాక స్నేహితుల విందులో జోకులా చెప్పాను. అందరం నవ్వుకున్నాం. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. ఎందుకంటే మాజిన్ చేసిన పనీ, గోరా గారు చేసిన పనీ ఆయన కూడా చేశాడు. తన దేవుణ్ణి నిజంగా నిలదీశాడు. ఏడాది పాటు గోడవైపు తిప్పి పెట్టాడు. తర్వాత తన కారణం తాను వెతుక్కుని, మొక్కులూ కోరికలూ తీసేసి, మిగిలినదాన్ని ఉంచుకున్నాడు. ఇబాదీ పండితులు తర్కంతో చెక్కినట్లే ఆయన ఒంటరితనంతో చెక్కాడు.

మరి నేను? ఇంజనీరింగు డిగ్రీ ఉంది. ఏటేటా దసరాకి బొట్టు పెడుతూనే ఉన్నాను. పటాన్ని ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు. అటూ తిప్పలేదు, ఇటూ తిప్పలేదు. మా అమ్మాయి వేసిన ప్రశ్నలో నన్ను పొడిచింది ఇదే. నమ్మకం ఉన్నందుకు నేను సిగ్గుపడనక్కరలేదు. ఎందుకు నమ్ముతున్నానో ఏనాడూ అడిగి చూసుకోలేదు, సిగ్గుపడవలసింది అందుకు.

ఈ మహాసభలకి వచ్చిన మనలో చాలామంది డిగ్రీలు ఉన్నవాళ్ళం. ఆదివారం గుడికి పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళం కొందరం, అదంతా మూఢనమ్మకమని తీసిపారేసేవాళ్ళం కొందరం. ఇద్దరికీ నాదొక మనవి. మన పక్షాన ఎంతమంది మేధావులున్నారో పిల్లలకి లెక్క చెప్పవద్దు. ఆ లెక్క వాళ్ళు అర నిమిషంలో తిరగేస్తారు. మనం ఎప్పుడు తిప్పి చూశామో, ఏం చూశామో చెబుదాం. చూడకపోతే చూడలేదని చెబుదాం.

నేను మా అమ్మాయికి అదే చెప్పాను. మాజిన్ సంగతీ, గోరా గారి సంగతీ, తోటలో ఆయన సంగతీ చెప్పి, నేను చూడలేదని ఒప్పుకున్నాను. కాసేపు ఆలోచించి, "అయితే నానమ్మ? నానమ్మ ఎప్పుడైనా పటం తిప్పిందా?" అని అడిగింది. నాకు తెలియదు. నలభై ఏళ్ళు దాటాయి, మా అమ్మని నేను ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. చదువుకోలేదు కాబట్టి నమ్ముతోందని మా అమ్మాయి పైకి అంది, నేను లోపల అనుకున్నాను. తేడా అంతే.

ఆ శనివారం మా అమ్మాయి ఇండియాకి ఫోన్ చేసి, తలుపు వేసుకుని, తనకొచ్చిన తెలుగులో నానమ్మతో మాట్లాడింది. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. బయటికొచ్చాక ముఖంలో ఏదో మార్పు కనిపించి, "ఏమంది నానమ్మ?" అని అడిగాను.

"నువ్వే అడుగు నాన్నా," అంది.